పెద్దాయన తెచ్చిన పసుపుతాడు

నా పెళ్లికి పురోహితుడు లేడు. పెద్దాయన ఉన్నాడు. మంత్రాలకు బదులు ఉపన్యాసం చెప్పాడు. మంత్రాలైనా ఎక్కడో ఒకచోట ముగుస్తాయి, ఆయన ఉపన్యాసం మాత్రం వండిన అన్నం చల్లారిపోయేదాకా సాగింది. గుంతకల్లు రైల్వే కాలనీ పక్కన ఖాళీ స్థలంలో పందిరి, దాని కింద బెంచీలు చేర్చి కట్టిన వేదిక, వెనక ఎర్రజెండా. నేనూ నన్ను చేసుకోబోయే ఆయనా చెరొక బంతిపూల దండ పట్టుకుని నిలబడ్డాం. దండ బరువుకు నా చేతులు లాగుతున్నాయి. ఎప్పుడు వేయమంటాడా, ఎప్పుడు కూర్చోమంటాడా అని పెద్దాయన నోటివైపే చూస్తున్నాను.

మా నాయన లోకోషెడ్డులో పనిచేసేవాడు. యూనియన్ మనిషి. ఆ రోజుల్లో పార్టీ ఇళ్లలో పెళ్లిళ్లు అలాగే జరిగేవి. దండల పెళ్లి అనేవాళ్లు. తాళి లేదు, హోమం లేదు, ముహూర్తం లేదు. పార్టీ పెద్ద ఒకాయన వచ్చి ఇద్దరి చేతా ప్రమాణం చేయించి దండలు మార్పిస్తే పెళ్లయినట్లే. పెద్దాయన అంటే మా తాలూకా మొత్తానికి ఒక్కడే. కలిగిన ఇంట్లో పుట్టి, అన్నీ వదిలేసి జెండా పట్టాడని, జైళ్లలో ఆరోగ్యం పోగొట్టుకున్నాడని చెప్పేటప్పుడు మా నాయన గొంతు మారిపోయేది. మా ఇంట్లో దేవుడి పటం ఒక్కటీ లేదు. కానీ పెద్దాయన వచ్చినప్పుడు కూర్చునే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే మా నాయన ఊరుకునేవాడు కాదు.

మా అమ్మ ఆ రోజు వేదిక దగ్గరికే రాలేదు. వంటల దగ్గర ఉండిపోయింది. పొద్దున నాకు తల దువ్వుతూ, కొంగు ముడి విప్పి తాడుకు కట్టిన పసుపుకొమ్ము ఒకటి చూపించింది.

"ఎవురికీ కనపడకుండా రవికె లోపల ఏసుకోమ్మా. మెడ బోసిగా పోవద్దు."

"యూనియన్ వాళ్లు చూస్తే నాయన పరువు పోతాది" అన్నాను.

అమ్మ మళ్లీ కొంగుకు ముడి వేసుకుంది. ఆ ముడి వేసుకుంటూ వంచిన తల నాకిప్పటికీ కనపడుతుంది.

పెద్దాయన ఉపన్యాసంలో అన్నిటికంటే చప్పట్లు పడిన మాట ఒకటుంది. "ఎద్దుకు పలుపు యాల కడ్తారప్పా? పారిపోకుండా. ఆడదానికి తాడు యాల కట్టల్ల? ఈ పాప ఇష్టపడి వస్తాండాది. యాడికి పారిపోతాది?" అన్నాడు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను తల పైకెత్తి నిలబడ్డాను. అంతమంది ముందు అంత పెద్ద మనిషి నా గురించి మాట్లాడటం నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

ఆ గర్వం మా అత్తగారి ఊరు చేరేదాకే ఉంది. ఆ ఊరు విడపనకల్లు వైపు. నల్లరేగడి నేల. వాన పడితే జొన్న, కొర్ర, శనగ. పడకపోతే కంపచెట్లు. మా ఆయన సేద్యం చేస్తూ రైతుసంఘం పని చూసుకునేవాడు. ఇంట్లో ఆయనా, వాళ్లమ్మా, నేను. మా అత్త చిన్నతనంలోనే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. అంటే ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం, ఇద్దరివీ బోసి మెడలే. ఆమెది ఎందుకు బోసిపోయిందో ఊరందరికీ తెలుసు. నాది ఎందుకో ఎవరికీ తెలియదు.

బావి దగ్గర ఒక ముసలామె నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఎంతో జాలిగా అడిగింది.

"ఎప్పుడు పోయినాడమ్మా?"

"ఎవరు?"

"నీ మొగుడు."

"సేన్లో ఉండాడు" అన్నాను.

ఆమె నా నుదుటి బొట్టు చూసింది. చేతి గాజులు చూసింది. మళ్లీ మెడ చూసింది. మొగుడు ఉన్నాడు, తాళి లేదు అంటే ఆమెకు తెలిసిన లెక్కలో ఒకటే అర్థం. ఎవడో ఉంచుకున్నది అని. ఆమె తన కడవను కొంచెం పక్కకు జరుపుకుంది. నేను నీళ్లు తోడుకుని, ఆ బరువుతో ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. ఆ రోజు అన్నం వండుతూ పొయ్యి పొగ మీద వంక పెట్టి ఏడ్చాను.

మా పక్కింట్లో పరుపులు కుట్టే దూదేకుల వాళ్లుండేవాళ్లు. ఆ ఇంటామె మంచిది, నోటికి మాత్రం అడ్డు లేదు. "మా సాయిబుల్లో గూడా నల్లపూసలు కడ్తారు గదమ్మా. మీదేమి మతం?" అని అడిగింది.

"మాకు మతం లేదు" అన్నాను.

"మతం లేకుంటే లేకపోనీ. మొగుడుండాడు కదా. ఆ సంగతి నలుగురికీ తెలియల్ల కదా" అంది. దానికి నేను మీటింగుల్లో విన్న మాటలన్నీ ఏకరువు పెట్టాను. అంతా ఓపిగ్గా విని, "పాపం" అని ఒక్క మాట అని తన పనిలో పడింది. నాకు కోపం వచ్చింది.

వీటన్నిటికంటే నన్ను కుంగదీసింది గొర్రు సంగతి. మా వైపు మొదటి వాన పడి విత్తనం వేసే రోజున, విత్తే గొర్రును కడిగి పసుపు కుంకుమలు పెడతారు. ఆ ఇంటి ముత్తైదువ పిడికెడు గింజలు అందులో పోయాలి. తర్వాతే ఎద్దులను కడతారు. మా అత్త విధవ, ఆమె చేయి పెట్టకూడదు. నేను పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు పళ్లెం పట్టుకుని కొట్టం దగ్గరికి వచ్చాను. మా అత్త నా మెడవైపు చూసింది. వీధిలోకి పోయి ఎదురింటి కోడలిని పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి నా చేతిలోని పళ్లెం తీసుకుని గొర్రుకు పసుపు పెడుతుంటే, నేను నా ఇంటి కొట్టంలో పరాయిదానిలా నిలబడ్డాను. మా ఆయన ఎద్దుల మెడలు నిమురుతూ నిలబడ్డాడు. ఆయనకు ఇలాంటప్పుడు ఎప్పుడూ ఎద్దుల దగ్గర పని ఉంటుంది.

ఆ ఏడు విత్తనం మొలిచాక వాన మొహం చాటేసింది. పైరు జానెడు ఎత్తులో ఎండిపోయింది. మా అత్త నన్ను ఏమీ అనలేదు. అనకుండా ఉండటానికి పడుతున్న అవస్థ మాత్రం కనపడేది. ఒకరోజు నేనే పట్టలేక, "వాన నా మెడ చూసి ఆగిపోయినాదా అత్తా?" అని అడిగేశాను. ఆమె చేటలోని గింజలు ఏరుకుంటూ, "నేనేమన్నా అంటినా?" అంది. పీర్ల పండుగకు ఆమె చావిడికి పోయి, పీరుకు దట్టీ గుడ్డ కట్టి, కోడలి మెడ నిండాలని మొక్కుకుందట. ఆ సంగతి నాకు దూదేకుల ఆమె చెప్పింది.

ఇంట్లో ఇలా ఉండేది. మీటింగుల్లో వేరే. పెద్దాయన ఎక్కడ దండల పెళ్లి చేయించినా మా ఇద్దరినీ రమ్మని కబురు పెట్టేవాడు. పలుపు మాట అయిపోగానే వేలు చాపి నన్ను చూపించేవాడు. "అదో, ఆ పాపను చూడండి. నా చేతుల మీద అయిన పెండ్లి. మెడలో తాడు లేదు. సంసారం ఏమన్నా చెడిపోయినాదా?" అనేవాడు. జనమంతా వెనక్కి తిరిగి నా మెడ చూసేవాళ్లు. మొదట్లో నా చెవులు కాలిపోయేవి. తర్వాత్తర్వాత అలవాటైంది. ఇంకా తర్వాత, ఆయనకు సులువుగా కనపడే చోట కూర్చునేదాన్ని. ఆ మాట వచ్చే వేళకు కొంగు కొంచెం పక్కకు లాక్కునేదాన్ని కూడా. ఇంట్లో ఏ మెడకు సిగ్గుపడ్డానో, మీటింగులో ఆ మెడనే చూపించి మురిసిపోయాను.

ఏళ్లు గడిచాయి. పెద్దాయన ముసలివాడయ్యాడు. పళ్లు ఊడిపోయాయి, దగ్గు పట్టుకుంది, జీపు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఉపన్యాసం అదే. ఒక్కోసారి ముందు మాట వెనక, వెనక మాట ముందు వచ్చేది. వినేవాళ్లు తమలో తాము సరిచేసుకుని వినేవాళ్లు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి ఇంకొకరిని నిలబెడదామని అనే ధైర్యం పార్టీలో ఎవరికీ లేదు. మళ్లీ ఎన్నికలు వచ్చాయి, మళ్లీ ఆయనే నిలబడ్డాడు.

అప్పటికి కరువు బాగా కాటేసింది. ఊళ్లలో జనానికి కోపం ఉంది, ఆ కోపం ఓట్లవుతుందని మావాళ్ల ఆశ. కానీ అవతలివాళ్లు ఊరూరా ఒక మాట చల్లారు. ఎర్రజెండా వాళ్లు గెలిస్తే గుళ్లు మూసేస్తారు, పీర్ల గుండం పూడ్చేస్తారు, పెండ్లాల మెడల్లో తాళ్లు తెంపిస్తారు అని. నమ్మకపోతే ఆయన చేసిన పెండ్లిళ్లు చూసుకోండి అన్నారు. పెద్దాయన ఇన్నేళ్లుగా వేలు చాపి చూపించిన మెడనే వాళ్లూ వేలు చాపి చూపించారు. నేను సంతకు పోతే ఆడవాళ్లు మాటలు ఆపి నా మెడ చూసేవాళ్లు. బిడ్డలను దగ్గరికి లాక్కున్న తల్లులు కూడా ఉన్నారు. నేనేదో తెంపడానికి వచ్చిన దాన్ని అన్నట్లు.

పెద్దాయన గుళ్లకు పోవడం మొదలుపెట్టాడు. ఏ ఊరికి పోయినా మొదట గుడి, తర్వాత పీర్ల చావిడి, ఆ తర్వాతే మీటింగు. హారతి కళ్లకు అద్దుకునేవాడు. పీరు దగ్గర సక్కెర చదివించేవాడు. "ఇది ఎత్తుగడ" అని మా ఆయన నాకు వివరించాడు. ఆ మాట మా ఇంట్లోకి కొత్తగా వచ్చింది. జనం మనసు నొప్పించకుండా జనంలోకి పోవడం అట. అయితే మీ అమ్మ మనసు నొప్పించకుండా ఇన్నేళ్లుగా ఏ ఎత్తుగడా ఎందుకు తోచలేదని అడగాలనిపించింది.

ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు జీపు ఆగింది. పెద్దాయన ఒక్కడే దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. కాసేపు ఆయాసం తీర్చుకుని, భుజానికున్న సంచిలోంచి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టాడు. ఎన్నికల కరపత్రంలో చుట్టిన పొట్లం. విప్పితే తాడు. పసుపు పూసి, పసుపుకొమ్ము కట్టిన తాడు.

"ఇదేమి పెద్దనాయనా?" అన్నాను.

"మా ఇంటామె ఇచ్చినాది. ఓట్లయ్యేదాకా ఏసుకో పాపా. అంతే. ఆ తర్వాత తీసి పారేద్దువు."

నేను మా ఆయనవైపు చూశాను. ఆయన కొట్టంవైపు చూస్తున్నాడు.

"మీరే కదా పెద్దనాయనా, ఇది పలుపు అంటిరి?"

"అంటిమి. మల్లా అంటాము. ఓట్లయినాక అంటాము." ఆయనకు దగ్గు వచ్చింది. తేరుకునేదాకా ఇద్దరమూ ఎదురుచూశాం. "ఇది నాకు ఆఖరుది పాపా. మల్లా నిలబడేంత కాలం నాకు లేదు. ఆడోళ్లు మన మీటింగులకు రావడంల్యా. నీ మెడ చూపించి భయపెడ్తాండారు. నీ వల్లనే అని నేను అనడంల్యా."

అననని చెప్పడంలోనే అన్నాడు. గెలిచినా ఓడినా ఇక ఆ భారం నాది. ఇన్నేళ్లు ఎవరి మాట నమ్మి ఆ బావి దగ్గరికి రోజూ పోయి వచ్చానో, ఆ మనిషే నా ముందు కూర్చుని నన్ను బతిమాలుతున్నాడు. నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది సిగ్గు. ఆయన్ని అలా చూసినందుకు సిగ్గు.

లోపలి నుంచి మా అత్త బయటికి వచ్చింది. అన్నేళ్లలో ఆమె పెద్దాయన ముందుకు రావడం అదే మొదటిసారి.

"ఎవురు కడ్తారు?" అని అడిగింది.

"మీవాడే కడ్తాడు."

"ఎప్పుడు?"

"ఎప్పుడైతే ఏముందమ్మా? ఇప్పుడే."

"రోంత ఉండండి" అని ఆమె లోపలికి పరుగెత్తింది. అంత వయసులో ఆమె అలా పరుగెత్తడం నేను మళ్లీ చూడలేదు. నడిమింట్లో నేల తుడిచింది, పీట వేసింది, దీపం వెలిగించింది. బియ్యంలో పసుపు కలిపి తెచ్చి పెద్దాయన దోసిట్లో పోసింది. విధవ కాబట్టి తను వేయకూడదు. తలుపు వెనక్కి పోయి నిలబడి, "పీరు విన్నాడు" అని కళ్లు తుడుచుకుంది. తన మొక్కు తీర్చడానికి ఆ పీరు దేవుణ్ణి నమ్మని పెద్దాయననే పంపాడని ఆమె చచ్చేదాకా చెప్పింది.

మా ఆయన నా వెనక నిలబడి, ఎద్దును కట్టినట్లు ఒక్క ముడి వేసి చేతులు తీసేశాడు. "మూడు ముళ్లురా" అని తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది. మళ్లీ వేశాడు. పెద్దాయన దోసిట్లోని బియ్యంవైపు చూసుకుని, ఏం చేయాలో తోచనట్లు ఒక్క క్షణం ఆగి, మా మీద చల్లాడు. కొన్ని నా తల మీద పడ్డాయి, కొన్ని ఆయన భుజం మీది ఎర్ర తువ్వాలు మీదనే పడ్డాయి. మెడలోకి ఒకటి వచ్చి చేరుతుంటే, ఒంటి మీద ఉన్నది లాగేస్తున్నంత సిగ్గేసింది నాకు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మర్నాడు బావి దగ్గర ఆడవాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. ఒకామె నా కడవ ఎత్తి చంకకు అందించింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయికే ఎక్కువ సిగ్గుపడ్డాను.

ఎన్నికలయ్యేదాకా నన్ను ఊళ్లన్నీ తిప్పారు. పెద్దాయన భార్య కూడా మాతో తిరిగింది. మొహం నిండా పసుపు, నుదుట రూపాయి కాసంత బొట్టు. ఆమె ఇంట్లో దేవుడి గది ఎన్నడూ మూతపడలేదని అప్పుడే తెలిసింది. ఆయన ఊరందరి తాళ్ల గురించి మాట్లాడాడు కానీ ఆమె మెడలోని తాళి, గుండ్ల పేరు గురించి ఎన్నడూ మాట్లాడలేదట. ప్రతి ఇంటి ముందూ ఆమె నా చెవిలో, "కొంగు రోంత పక్కకు లాగుమ్మా, కనపడల్ల" అనేది. నాకు అలవాటైన పనే. లాగాను.

పెద్దాయన ఓడిపోయాడు. హారతులూ దట్టీలూ నా మెడా అన్నీ కలిసినా చాలలేదు.

ఫలితం తెలిసిన కొన్నాళ్లకు మా ఆయన అన్నం తింటూ, "ఇంక తీసేయి దాన్ని" అన్నాడు. గోడ మీది ఎన్నికల కాగితం చింపేయమన్నంత మామూలుగా అన్నాడు. నేను చేయి కడుక్కుని, ముడి కోసం మెడ వెనక్కి చేయి పోనిచ్చాను. మా అత్త చేతిలోని చేట కింద పడింది. కొర్రలు ఇల్లంతా చెదిరిపోయాయి.

"నా కొడుకు బతికుండంగానేనా?" అంది.

"అమ్మా, అది నిజమైంది కాదు. ఓట్ల కోసం కట్టినది" అన్నాడు మా ఆయన.

"కట్టినది ఎవురురా? నువ్వు కాదా? మూడు ముళ్లు ఏసినావు కదరా?" ఆమె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ మామ పోయినప్పుడు దినాల నాడు వంకకాడ నాది తెంపినారమ్మా. పట్టుకోని తెంపినారు. తాళి మెడలోంచి దిగేది ఆ పొద్దు ఒక్కటే. నీ చేతులారా ఆ పొద్దు తెచ్చుకుంటావా?"

మా ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఎద్దుల దగ్గర పని ఉండి ఉంటుంది.

ఆ తాడు ఎలా కట్టాలో పెద్దాయన ఆలోచించాడు, మా ఆయన ఆలోచించాడు. ఎలా విప్పాలో ఒక్కరూ అనుకోలేదు. దేవుణ్ణి నమ్మనివాళ్లు కనుక వాళ్లకది ఉత్త తాడు. వేసుకుంటే వేసుకోవచ్చు, తీస్తే తీయవచ్చు. నేను తీస్తే ఊరికి నా మొగుడు చచ్చినట్లు, లేదా నేను వాణ్ణి చావమన్నట్లు. మొగుడు చావకుండా తాళి తీసే పద్ధతి ఈ నేల మీద లేదు, పార్టీ కూడా దాన్ని కనిపెట్టలేదు. నేనూ దేవుణ్ణి నమ్మను. కానీ ఆ ముసలిదాని చేతుల్లోంచి నా చేతులు లాక్కోలేకపోయాను. ఆమె లేనప్పుడు కూడా, ఎన్నోసార్లు ఆ ముడి దాకా పోయి నా చేయి వెనక్కి వచ్చింది. మరుసటి వానకు గొర్రుకు పసుపు నేనే పెట్టాను. ఖర్మ కాకపోతే ఆ ఏడే వానలు బాగా పడ్డాయి. మా అత్త నాతో వాదించాల్సిన అవసరం ఇక లేకుండా పోయింది.

ఓడిపోయాక పెద్దాయన చాలాకాలం ఇల్లు కదలలేదు. మంచాన పడ్డాడనుకున్నారు. మళ్లీ కోలుకుని, గుంతకల్లులో యూనియన్ ఆయన ఒకరి కూతురికి దండల పెళ్లి చేయించడానికి వచ్చాడు. అదే రైల్వే కాలనీ, అదే స్థలం. మా నాయనా అమ్మా ఉన్నారు. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను కొంగు మెడ చుట్టూ తిప్పి కప్పుకున్నాను.

ఆయన మొదలుపెట్టాడు. ప్రమాణాలు, సోషలిజం, ఎద్దు, పలుపు. తర్వాత వచ్చే మాట ఏదో నాకు తెలుసు. లేచి వెళ్లిపోదామనుకున్నాను. పెద్దాయన మాట్లాడుతుండగా లేవడం మా ఇళ్లలో లేదు. గుళ్లో హారతి వేళ ఎవరన్నా లేచిపోతారేమో గానీ, ఆయన మాట్లాడుతుండగా లేవరు. ముసలితనంలో తాడు సంగతి గుర్తుంటే ఆ మాట దాటేస్తాడని ఆశపడ్డాను. ఆయన వేలు మెల్లగా పైకి లేచింది.

"అదో, ఆ పాపను చూడండి. నా చేతుల మీద అయిన పెండ్లి. లేమ్మా, లేచి నిలబడు. అందరికీ కనపడల్ల."

లేచి నిలబడ్డాను.

"మెడలో తాడు లేదు. సంసారం ఏమన్నా చెడిపోయినాదా?"

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో గట్టిగా, "ఉండాది కదప్పా, తాడు!" అన్నారు. నేను లేవడంలో కొంగు జారిందని అప్పుడు చూసుకున్నాను. ఒకామె నవ్వింది. నవ్వు బెంచీల మీదుగా వెనక్కి పాకింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నావైపు చూశాడు. నేను తల దించుకోలేదు. ఆయన కళ్లలోకే చూశాను. నేనే తెచ్చి ఇచ్చినాను అని ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆ పాప కట్టించుకోలేదు, కట్టించింది నేను అంటే చాలు. ఇన్నేళ్లు మోసిందంతా ఆ ఒక్క మాటతో దిగిపోయేది. ఆయనకు గుర్తు వచ్చింది. రాలేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆయన చేయి భుజానికున్న సంచి మీదికి పోయి, అక్కడే ఆగింది.

"చూసినారా?" అన్నాడు జనంవైపు తిరిగి. "ఎంత చెప్పినా మన ఆడోళ్లను మార్చడం ఎంత కష్టమో!"

అందరూ నవ్వారు. చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్న మా ఆయన కూడా కొట్టాడు. ఇంటికి పోయాక అడిగితే, "అందరూ కొడ్తాంటే చేతులు వాటికవే..." అన్నాడు. అబద్ధం చెప్పాడని నేను అనుకోను. నిజంగానే వాటికవే కొట్టి ఉంటాయి.

భోజనాల దగ్గర మా నాయన విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క ముద్ద తినలేదు. మా అమ్మ ఒక్కతే నా మెడ చూసి సంతోషపడింది, ఆ సంతోషం దాచుకోవడానికి అటు తిరిగింది. పెద్దాయన చేతులు కడుక్కోవడానికి వచ్చాడు. చెంబు నా చేతిలోనే ఉంది. ఆయన చేతులు చాపి, నా మొహం చూడకుండా, "ఏమనుకోవద్దు పాపా. మీటింగు కదా" అన్నాడు. నేను నీళ్లు పోశాను. ఆ చెంబు ఆయన కాళ్ల ముందు విసిరికొట్టాల్సింది. అలవాటైన చేయి కదా, పద్ధతిగా, బొట్టు కూడా పక్కకు పోకుండా పోసింది.

అప్పుడు పెళ్లికూతురు మెల్లగా నా దగ్గరికి వచ్చింది. మెడలో బంతిపూల దండ ఇంకా తీయలేదు. చెమటకు బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది.

"అక్కా," అంది గొంతు తగ్గించి, "మా అమ్మ కొంగులో ఒకటి కట్టుకోని కూచ్చోనుండాది. కట్టించుకోమని పొద్దున్నుంచి ఏడుస్తాండాది. నేను ఏమి చేయల్ల?"

పందిరి అవతల పెద్దాయన కుర్చీలో కూర్చుని, వాళ్లు వేసిన దండతోనే నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది.

"కట్టించుకుంటే ఈ పొద్దే కట్టించుకో, మీ అమ్మ చేతిలోదే" అన్నాను. "వద్దనుకుంటే ఎన్నటికీ వద్దు. ఓట్లు వచ్చేదాకా మాత్రం ఆగొద్దు తల్లీ."